కొరోన్ అడుగున ఓడలు: పది మీటర్ల లెక్క

1944 సెప్టెంబర్ 21న అమెరికా నౌకాదళ విమానాలు మనీలా రేవు మీద విరుచుకుపడ్డాయి. ఫిలిప్పీన్స్ అప్పటికి రెండున్నరేళ్లుగా జపాన్ చేతిలో ఉంది. రేవులో ఉన్న జపాన్ ఓడలు చాలా మునిగిపోయాయి. బతికి బయటపడ్డవాటిలో కొన్ని నైరుతి దిక్కుగా పారిపోయి, పలావాన్ రాష్ట్రంలోని కలామియాన్ దీవుల సందుల్లో చేరాయి. అక్కడ బుసువాంగా అని ఒక పెద్ద దీవి, దాని చుట్టూ చిన్నచిన్న కొండదీవులు. వాటి నడుమ గాలివాన తాకిడి అంతగా ఉండని నీరు. అదే కొరోన్ అఖాతం.

దాక్కోవడం అక్షరాలా మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. సెప్టెంబర్ 24 ఉదయం విమానాలు అక్కడికీ వచ్చాయి. అడ్మిరల్ హాల్సీ నాయకత్వంలోని విమానవాహక నౌకల నుంచి అవి దాదాపు 550 కిలోమీటర్లు ఎగిరొచ్చాయి. బాంబులు మోసుకుంటూ అంత దూరం వచ్చి, మళ్లీ తిరిగి నౌక మీద దిగడమంటే ఆనాటి విమానాల ట్యాంకుల్లో ఇంధనం చివరి బొట్టుదాకా వాడుకోవడమే. ఆ దాడి ముగిసేసరికి అఖాతం అంతటా ఓడలు మునుగుతున్నాయి, కాలుతున్నాయి. నెల తిరక్కుండానే, అక్టోబర్ 20న, అమెరికా సేనలు లేటే దీవిలో దిగాయి. ఆ దిగడానికి ముందు ఫిలిప్పీన్స్‌లోని జపాన్ సైన్యానికి తిండీ చమురూ అందకుండా చెయ్యడమే ఈ దాడుల ఉద్దేశం. అందుకే కొరోన్‌లో పెద్ద యుద్ధనౌకలేవీ కనిపించవు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం సరుకు ఓడలు, చమురు ఓడలు, వాటికి కాపలాగా వచ్చిన చిన్న పడవలు.

కొరోన్‌లో గైడ్లు చెప్పే కథ ఒకటుంది. జపాన్ వాళ్లు ఓడల మీద చెట్ల కొమ్మలు కప్పి దీవుల్లా కనిపించేలా చేశారట. అమెరికా వాళ్లు ఆకాశం నుంచి తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని ‘దీవులు’ చోటు మారాయట. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. నేను మాత్రం సగమే నమ్ముతాను. నూరు మీటర్లు దాటిన ఓడలు గుంపుగా ఒకచోట నిలిచి ఉంటే, వాటిని పట్టుకోవడానికి అంత తెలివి అక్కర్లేదు.

అసలు గమనించాల్సింది వేరే ఉంది. ఓడ లంగరు వేయాలంటే గొలుసుకు అడుగు అందాలి. కాబట్టి తలదాచుకునే ఓడ నడిసముద్రంలో నిలబడదు. ఇరవై, ముప్పై, నలభై మీటర్ల నీటిలో నిలబడుతుంది. మునిగినా అక్కడే మునుగుతుంది. సరదాకు సముద్రంలో దిగేవాళ్లకు ప్రపంచమంతటా శిక్షణ సంస్థలు పెట్టిన ఆఖరి హద్దు 40 మీటర్లు. ఈ రెండు లెక్కలూ ఒకచోట కలవడం వల్లే కొరోన్ డైవర్లకు యాత్రాస్థలమైంది. ఇదే యుద్ధంలో 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు శ్రీలంకలోని బట్టికలోవా దగ్గర బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మెస్‌ను ముంచాయి. మనకు కొరోన్ కంటే అది చాలా దగ్గర. కానీ 50 మీటర్ల పైచిలుకు లోతులో ఉంది. ప్రత్యేక శిక్షణ, ప్రత్యేక వాయువులు లేనివాళ్లకు అది అందదు. నీటి కింద ఏది దగ్గరో ఏది దూరమో మ్యాపు చెప్పదు, లోతు చెబుతుంది.

కొరోన్ ఓడలను కూడా లోతును బట్టే తెలుసుకోవాలి. లూసోంగ్ దీవి పక్కన ఒక చిన్న గస్తీ పడవ ఉంది. ఆటుకు నీళ్లు తీసినప్పుడు దాని వెనుక భాగం పైకి తేలి కనిపిస్తుంది. సిలిండర్ లేకుండా ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని ఈదేవాళ్లు కూడా దాన్ని చూడొచ్చు. ఒకికావా మారు చమురు ఓడ, పొడవు సుమారు 160 మీటర్లు. దాదాపు నిటారుగా కూర్చుంది. పైతట్టు 10 మీటర్ల నుంచే మొదలవుతుంది, అడుగు 26 మీటర్ల దగ్గర. పైతట్టంతా పగడాలు. కొత్తవాళ్లను మొదట తీసుకెళ్లేది దీని మీదికే.

కోగ్యో మారు నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే ఓడ. కుడివైపుకు ఒరిగి పడుకుని ఉంది, 22 నుంచి 34 మీటర్ల మధ్య. దాని సరుకు గదుల్లో సిమెంటు బస్తాలు దొంతరలుగా ఉన్నాయి. సంచి ఎప్పుడో కుళ్లిపోయింది, సిమెంటు మాత్రం బస్తా ఆకారంలోనే గట్టిపడి నిలిచింది. పక్కన ఒక చిన్న బుల్డోజర్, తీగ చుట్టలు. ఎక్కడో ఒక విమానాశ్రయం కట్టడానికి బయల్దేరిన సామాను అది. యుద్ధమంటే మనకు తుపాకులు గుర్తొస్తాయి. ఇక్కడ కనిపించేది మాత్రం కాంట్రాక్టరు గోదాములో ఉండే సరుకే. యుద్ధం నిజంగా దేనిమీద నడుస్తుందో ఈ గదిలో తెలిసినంతగా ఫిరంగుల దగ్గర తెలియదు.

అకిత్సుషిమా ఎడమ పక్కకు పడి ఉంది. నీటి మీద దిగే పెద్ద విమానాలకు ఆసరాగా 1942లో తయారైన నౌక ఇది. విమానాన్ని నీళ్లలోంచి ఎత్తి ఓడ వెనుక పెట్టడానికి ఒక భారీ క్రేను ఉండేది. ఆ క్రేను ఇప్పటికీ అడుగున వాలి ఉంది. ఇరాకో అన్నిటికంటే లోతు. పైతట్టే దాదాపు 30 మీటర్ల దగ్గర, అడుగు 40 దాటుతుంది. ఇది శీతల గదులున్న ఆహార నౌక. మాంసం, కూరగాయలే కాక నావికుల కోసం మిఠాయిలు కూడా అందులోనే తయారు చేసేవాళ్లు. చిక్కుడు గింజల ముద్ద నింపిన మోనకా అనే మిఠాయికి ఆ ఓడకు జపాన్ నౌకాదళంలో పెద్ద పేరు.

ఇక దిగడం సంగతి. స్కూబా సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా ఉండేది మనం పీల్చే మామూలు గాలే, నొక్కి నింపింది. నేల మీద మనపై ఒక వాతావరణం బరువు ఉంటుంది. నీటిలో ప్రతి పది మీటర్లకూ అంత బరువే మరొకటి కలుస్తుంది. పది మీటర్ల దగ్గర రెండింతలు, ఇరవై దగ్గర మూడింతలు, ముప్పై దగ్గర నాలుగింతలు. నోట్లోని రెగ్యులేటర్ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానంగా గాలిని ఇస్తుంది. లేకపోతే ఛాతీ విప్పి ఊపిరి తీసుకోలేం. అంటే ముప్పై మీటర్ల దగ్గర ఒక్క గుక్కలో నేల మీది నాలుగు గుక్కల గాలి ఖర్చవుతుంది.

అంకెల్లో చూద్దాం. పన్నెండు లీటర్ల సిలిండర్‌లో 200 బార్ వరకు నింపితే 2,400 లీటర్ల గాలి. అందులో 50 బార్ ఆపద్ధర్మంగా ఉంచాలి, దాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి. మిగిలింది 1,800 లీటర్లు. కుదురుగా ఉన్న మనిషికి పైన నిమిషానికి 20 లీటర్లు చాలనుకుంటే తొంభై నిమిషాలు వస్తుంది. అదే గాలి పది మీటర్ల దగ్గర 45 నిమిషాలు, ఇరవై దగ్గర 30, ముప్పై దగ్గర 22, నలభై దగ్గర 18. ఇందులోనే దిగడం, ఎక్కడం కూడా. భయపడితే ఊపిరి రెట్టింపవుతుంది, ఈ అంకెలు సగమవుతాయి. ఒకికావా మీద తీరిగ్గా తిరిగిన మనిషి ఇరాకో దగ్గర వాచీ చూసుకుంటూ తిరగాల్సి రావడానికి కారణం ఈ భాగహారమే.

గాలితో పాటు ఇంకో గడియారం కూడా నడుస్తుంటుంది. గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజని. నేల మీద అది మనకు ఏ పనీ చెయ్యదు, ఏ హానీ చెయ్యదు. ఒత్తిడి పెరిగేకొద్దీ అది రక్తంలో, కండల్లో, కొవ్వులో కరిగి చేరుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితిత్తుల దారిన వెళ్లిపోతుంది. ఒక్కసారిగా పైకొస్తే గోలీ సోడా కొట్టినప్పుడు బుస్సున పొంగినట్టే ఒంట్లో బుడగలు కడుతుంది. ఆ బుడగలు కీళ్లలో చేరితే భరించలేని నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం. చికిత్స ఒకటే: ఒత్తిడి గదిలో పెట్టి, మళ్లీ ఒత్తిడి పెంచి, ఆక్సిజన్ ఇస్తూ గంటల తరబడి నెమ్మదిగా తగ్గించడం. అందుకే మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగలిగే సమయానికి ఒక హద్దు ఉంటుంది. శిక్షణలో విరివిగా వాడే ఒక పట్టిక ప్రకారం 18 మీటర్ల దగ్గర అది 56 నిమిషాలు, 30 దగ్గర 20, 40 దగ్గర పది నిమిషాల లోపే. రెండో డైవ్‌కు ఇది ఇంకా తగ్గుతుంది, మొదటి డైవ్‌లో చేరిన నత్రజని అప్పటికి పూర్తిగా పోదు కనుక. ఈ లెక్కను ఇప్పుడు చేతికి కట్టుకునే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. అయినా పైకొచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం అందరూ పాటించే అలవాటు.

ముప్పై దాటాక నత్రజని మరో పని చేస్తుంది. మత్తెక్కిస్తుంది. కొందరికి కారణం లేని ఆనందం, కొందరికి కారణం లేని బెదురు. గాలి మీటరు చూస్తారు, అంకె చదువుతారు, దాని అర్థం మాత్రం బుర్రకెక్కదు. కొద్ది మీటర్లు పైకొస్తే దిగిపోతుంది. కానీ పైకి రావాలని తట్టాలి కదా.

నత్రజని తగ్గించి, ఆక్సిజన్ 32 శాతానికి పెంచిన గాలి కొరోన్‌లో దొరుకుతుంది. నైట్రాక్స్ అంటారు. దానితో అదే లోతులో ఎక్కువసేపు ఉండొచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి ఇంకా లోతుకు పోవచ్చనుకుంటారు. సరిగ్గా తలకిందులు. ఒత్తిడి కింద ఆక్సిజన్ కూడా విషమే, మూర్ఛ తెప్పిస్తుంది. 32 శాతం గాలితో సుమారు 33 మీటర్లు దాటకూడదు. కోగ్యో మారుకు అది వరం. ఇరాకో అడుగుకు అదే ప్రమాదం.

ఇప్పటిదాకా చెప్పింది ఏ సముద్రంలో దిగినా వర్తించేదే. ఓడలోకి వెళ్తే కొత్తగా వచ్చేది పైకప్పు. బయట ఉన్నంతసేపు ఏం జరిగినా చివరికి పైకి రావచ్చు. లోపల పైకి అనే దారే లేదు, వచ్చిన దారి ఒక్కటే ఉంది. ఒరిగిపోయిన ఓడలో అది ఇంకా చిక్కు. అకిత్సుషిమాలో గోడ నేలైంది, నేల గోడైంది. మెట్లు అడ్డంగా పడుకున్నాయి, తలుపులు తలమీదికి వచ్చాయి. బయటి నుంచి చూసి మనసులో వేసుకున్న పటం లోపలికి పోగానే పనికిరాదు.

ఆపైన ఒండ్రు. ఎనభై ఏళ్లుగా ఆ గదుల్లో పేరుకున్న మెత్తని మడ్డి కాలి ఫిన్ ఒక్కసారి కిందికి తగిలితే లేచిపోతుంది. టార్చి వేసినా తన చెయ్యి తనకు కనిపించదు. తన్నకపోయినా తప్పదు. వదిలిన ఊపిరి బుడగలు పైకప్పుకు తగిలి తుప్పు పెచ్చుల్ని రాలుస్తాయి. అందుకే తెలిసినవాళ్లు లోపలికి వెళ్లేటప్పుడు దారానికి ఒక కొస బయట కట్టి, విప్పుకుంటూ వెళ్తారు. కళ్లు పనిచెయ్యనప్పుడు ఆ దారాన్ని వేళ్లతో పట్టుకుని బయటికి వస్తారు. తలా రెండు టార్చీలైనా ఉంచుకుంటారు. గాలిని మూడు వాటాలు వేస్తారు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది అనుకోనిదానికి. పగటి వెలుగు కనిపించే మేర దాటకపోవడం మామూలు డైవర్‌కు నియమం. గదుల కప్పు కింద కొన్నిచోట్ల గాలి నిలిచి అద్దంలా మెరుస్తుంటుంది. అది డైవర్లు వదిలిన ఊపిరి. మూతి పెట్టి పీల్చడానికి పనికొచ్చేది కాదు.

ఇంత చెప్పాక దిగేవాళ్లు ఎందుకు దిగుతారన్న ప్రశ్న వస్తుంది. జవాబులో సగం చేపలు. బురద అడుగు మీద పగడం పట్టదు, దానికి గట్టి ఆధారం కావాలి. ఓడ ఆ ఆధారం ఇచ్చింది. పగడం వచ్చాక చేప వచ్చింది. తుప్పు రంగులో కలిసిపోయి కదలకుండా పడుండే స్కార్పియన్ చేపలు, విషపు ముళ్లు విప్పుకుని తిరిగే లయన్ చేపలు, గుంపులుగా వచ్చే బ్యాట్ చేపలు అన్నీ ఉంటాయి. ఎక్కడా చెయ్యి వెయ్యొద్దని గైడు పదేపదే చెప్పేది వీటి వల్లే.

మిగతా సగం ఓడలే. వాటిలో కొన్నింటి పేర్ల మీద చాలాకాలం గందరగోళం నడిచింది. ఒకికావా మారును ఏళ్ల తరబడి తాయేయ్ మారు అనే పిలిచారు. ఓడ పేరు ఎప్పుడో పగడాల కింద కప్పబడిపోతుంది. అప్పుడు టేపు పట్టి పొడవు కొలిచి, ఇంజన్ రకం చూసి, సరుకు గదులెన్నో లెక్కపెట్టి, ఓడలు కట్టిన కంపెనీల పాత ప్లాన్లతో, యుద్ధకాలపు రికార్డులతో సరిపోల్చాలి. ఓపికగా ఆ పని చేసినవాళ్ల వల్లే ఈరోజు పేర్లు తేలాయి. ఇంత మంచి పరిశోధన సరదా డైవర్ల వైపు నుంచి కూడా వచ్చిందని మరిచిపోకూడదు. వాళ్లను ఇనుము చూసి మురిసిపోయేవాళ్లుగా కొట్టిపారెయ్యడం తగదు.

అయితే ఆ ఇనుము కరిగిపోతోంది. మొదట్లో ఉప్పునీటి తుప్పు మీద పగడం, సున్నం పేరుకుని ఒక పెంకు కట్టి, తుప్పును కొంత నెమ్మదింపజేస్తుంది. లంగరు గొలుసు తగిలినా, తుపాను వచ్చినా ఆ పెంకు పగులుతుంది, కొత్త ఇనుము నీటికి బయటపడుతుంది. 2013 నవంబర్ 8న హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌ను చీల్చుకుంటూ పోయి ఆ దేశంలో చివరగా తీరం దాటింది బుసువాంగా దగ్గరే. నిరుడు దూరిన సందులోంచి ఈ ఏడు కూడా దూరొచ్చన్న భరోసా ఏ డైవర్‌కూ లేదు.

చమురు ఇంకో గొడవ. పసిఫిక్‌లోని ఉలితి దీవుల దగ్గర 1944లో మునిగిన అమెరికా చమురు నౌక మిస్సిస్సినెవా 2001లో ఒక తుపాను తర్వాత కారడం మొదలుపెట్టింది. తర్వాత అమెరికా నౌకాదళం వచ్చి చమురు తోడెయ్యాల్సి వచ్చింది. ఇంకోపక్క దొంగలు. జావా సముద్రంలో మునిగిన డచ్చి యుద్ధనౌకలు 2016లో వెళ్లి చూస్తే చోటులో లేవు. నీటి అడుగు నుంచి పాత ఇనుము కోసం కోసుకుపోయారు. అందులో నావికుల అస్థికలు ఉన్నాయన్నది వాళ్లకు పట్టలేదు. నీటి కింది వారసత్వానికి యునెస్కో 2001లో చేసిన ఒప్పందం నూరేళ్లు మునిగి ఉన్నవాటికే వర్తిస్తుంది. కొరోన్ ఓడలకు ఆ వయసు వచ్చేది 2044లో. అప్పటికి వాటిలో ఎంత మిగులుతుందో చూడాలి.

ఇవి సమాధులు కూడా. ఈ మాట విశాఖ వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గరే 93 మందితో మునిగింది. 2024లో నౌకాదళం దాని చోటును మరోసారి గుర్తించినప్పుడు, చనిపోయినవారి గౌరవార్థం ముట్టుకోకూడదని నిర్ణయించుకుంది. శత్రువు ఓడే, అయినా సరే. కొరోన్‌కు వెళ్లేవాళ్లు పాటించాల్సిన మర్యాద అంతకంటే వేరే ఏమీ కాదు. ఒక గిన్నె, ఒక సీసా, ఒక మేకు కూడా తేవద్దు. పేలని మందుగుండు ఉండే అవకాశం ఎలాగూ ఉంది కనుక ఆ బుద్ధి ప్రాణానికీ మంచిదే.

మన వాళ్లు ఇప్పుడు ఆ వైపు బాగానే వెళ్తున్నారు. దవావోలో, మనీలాలో డాక్టరీ చదివిన తెలుగు పిల్లలు చాలామంది. అండమాన్‌లో డైవింగ్ నేర్చుకుని తర్వాత ఎక్కడికని అడిగే హైదరాబాద్ ఉద్యోగులకూ కొదవలేదు. అలాంటివాళ్లకు నేను చెప్పేది ఇదీ. మొదటి స్థాయి శిక్షణ 18 మీటర్ల వరకే. దానితో లూసోంగ్ పడవ, ఒకికావా పైతట్టు హాయిగా చూడొచ్చు. రెండో స్థాయి ముప్పైకి తీసుకెళ్తుంది, కోగ్యో మారులో చాలా భాగం అందుతుంది. ఇరాకోను లోతు డైవింగ్ శిక్షణ పూర్తయ్యేదాకా పక్కన పెట్టండి. మీ శిక్షణ ఎంతో అడగకుండా ఏ ఓడకైనా తీసుకెళ్తామనే దుకాణం నుంచి మర్యాదగా బయటికొచ్చెయ్యండి. ఒక గైడుకు ఎంతమందిని ఇస్తారో, పడవలో ఆక్సిజన్ ఉందో లేదో, దగ్గరి ఒత్తిడి గది ఏ ఊళ్లో ఉందో ముందే అడగండి. ఇన్సూరెన్స్‌లో డైవింగ్ ఉందేమో చదివి చూసుకోండి, మామూలు ప్రయాణ పాలసీల్లో చాలావాటికి అది పడదు.

విమానం టికెట్ తీసేటప్పుడు కూడా ఆ పది మీటర్ల లెక్క గుర్తుంచుకోవాలి. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి నేల మీదికంటే తక్కువ. ఒంట్లో మిగిలిన నత్రజని అక్కడ బుడగలు కట్టగలదు. వరసగా రోజుల తరబడి దిగినవాళ్లు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. కాబట్టి కొరోన్‌లో ఆఖరి రోజును నేల మీద గడపడానికే కేటాయించి, తిరుగు టికెట్ ఆ మరుసటి రోజుకు తీసుకోండి.